మా ఆయనకు సరదా లేదనిపిస్తోంది

ప్రశ్న: మాకు కొత్తగా పెళ్లయింది. నాకు అనుకున్న వెంటనే బయల్దేరడం ఇష్టం. ఆయన ప్రతిదానికీ ముందూ వెనకా ఆలోచిస్తారు. ఇద్దరం కలిసి ‘బేర్‌ఫుట్ ఇన్ ది పార్క్’ సినిమా చూశాం. "మీరు అచ్చం అందులోని భర్త పాల్ లాగే ఉన్నారు" అనేశాను. అప్పటినుంచి ఆయన ముభావంగా ఉన్నారు. మా ఇద్దరికీ పొసగదేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: పొసగదని ఇప్పుడే తేల్చేయకండి. 1967 నాటి ఆ సినిమాలో పాల్ భార్య కోరీ చేసింది అదే. చలికాలంలో తనతో పార్కులో చెప్పుల్లేకుండా నడవలేదని, పాల్‌కు సంతోషంగా బతకడమే రాదనుకుంది. అతనేమో ఎముకలు కొరికే చలి అంటాడు. ఆమెకు కావలసింది అతని తోడు. అతను మాట్లాడేది వాతావరణం గురించి. మీరు బయటికి వెళ్దామన్నప్పుడు మీవారికి వినిపించేది కూడా ఖర్చో, రేపటి ఆఫీసో కావచ్చు. ఎందుకు వద్దంటున్నారో ఎప్పుడైనా నెమ్మదిగా అడిగారా?

వాళ్ల గొడవ ఎప్పుడు ముదిరిందో కూడా చూడండి. లిఫ్ట్ లేని అయిదో అంతస్తు, పైకప్పు అద్దానికి చిల్లు, ఇంట్లో చలి. కొత్తింట్లో తొలి రాత్రే పాల్ మర్నాటి కోర్టు కేసు చూసుకోవాలి, ఆమెకేమో కొత్త పెళ్లి ముచ్చట. ఆ తర్వాత ఒక రాత్రి బయట తిని, తాగి, అలసిపోయి ఇంటికొచ్చాక కోరీ విడాకుల దాకా వెళ్లిపోతుంది. దయచేసి అలసిపోయిన రాత్రి ఇలాంటి చర్చ పెట్టుకోకండి.

చివరికి పాల్ తాగిన మైకంలో నిజంగానే వట్టి కాళ్లతో పార్కులో తిరిగితే, కోరీకి పాత పాలే కావాలనిపిస్తుంది. మీవారి జాగ్రత్తలో మీకు ధైర్యాన్నిచ్చేది ఏముందో ఒకసారి ఆలోచించండి. ఆ మాట ఆయనతో చెప్పండి కూడా.

భర్త కోసం కాస్త తగ్గమని, అతన్ని బాగా చూసుకోమని కోరీకి తల్లి చెబుతుంది. అందులో సగమే నాకు నచ్చింది. తగ్గడం ఇద్దరి పని.

ముందు ఆ పోలికకు సారీ చెప్పండి. తర్వాత "మీకు సరదా లేదు" అనకుండా, "ఆదివారం సాయంత్రం మీతో బయట గడపాలనుంది" అని రోజుతో సహా అడగండి. ఎక్కడికన్నది ఆయన్నే తేల్చనివ్వండి. చప్పగా అనిపించినా ఈసారికి వెళ్లండి. ఆ మర్నాడు, మీకు నచ్చినదానికి ఆయన రావాల్సిన రోజు కూడా ఖాయం చేసుకోండి. ఎంత మర్యాదగా అడిగినా ఆయన వెటకారం చేస్తుంటే, మీ స్నేహితుల్నీ పుట్టింటివాళ్లనీ కలవనివ్వకపోతుంటే అది స్వభావాల తేడా కాదు. అప్పుడు ఆలస్యం చేయకుండా దగ్గర్లోని ఫ్యామిలీ కౌన్సెలర్‌ను కలవండి, ఆయన రానన్నా మీరు ఒక్కరే వెళ్లండి.