చర్యాశీలత శ్రేణి పాఠం చెప్పబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వచ్చే వారం పదో తరగతికి లోహాల పాఠం మొదలుపెడుతున్నానని, కాస్త టెన్షన్‌గా ఉందని ఫోన్లో అన్నావు. ఏళ్ల తరబడి ఆ పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

చర్యాశీలత శ్రేణి అంటే బాగా చురుగ్గా చర్య జరిపే లోహం పైన, అసలు జరపనిది అడుగున ఉండే వరుస కదా. మొదటి రోజే దాన్ని పొటాషియం నుంచి బంగారం దాకా బోర్డు మీద రాసి బట్టీ పట్టించకమ్మా. ఆ వరుసను పిల్లల చేతే కట్టించు. ఎరువుల కొట్టులో మైలుతుత్తం, అంటే రాగి లవణమైన కాపర్ సల్ఫేట్, దొరుకుతుంది. కొంచెం నీళ్లలో కరిగించి, గరుకు కాగితంతో బాగా రుద్దిన ఇనుప మేకును అందులో వేయించు. అరగంట ఆగితే మేకు మీద ఎర్రటి రాగి పేరుకుంటుంది, నీలం రంగు వెలిసి లేతాకుపచ్చకు తిరుగుతుంది. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నువ్వు మాత్రం పక్కనే ఇంకో పరీక్షనాళికలో ఇనుప లవణమైన ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం పోసి, రాగి తీగ వేయించు. ఏమీ జరగదు. నా దృష్టిలో అసలు పాఠం అక్కడే ఉంది. ఇనుము రాగిని వెళ్లగొట్టింది, రాగి ఇనుమును కదపలేకపోయిందని పిల్లలే అంటారు. ఎలక్ట్రాన్లను ఏది తేలిగ్గా వదులుకుంటోందని అప్పుడు అడుగు.

తర్వాత సజల హైడ్రోక్లోరికామ్లంలో జింకు ముక్క, రాగి ముక్క విడివిడిగా వెయ్యి. జింకు బుసబుసా బుడగలు వదులుతుంది, రాగి ఉలకదు పలకదు. ఆ బుడగలు ఆమ్లంలోంచి జింకు వెళ్లగొట్టిన హైడ్రోజన్‌వి. లోహం కాని హైడ్రోజన్‌కు ఈ వరుసలో చోటెందుకో ఇక వేరే చెప్పక్కర్లేదు.

అల్యూమినియం దగ్గర నిదానించు. జింకు కన్నా పైనున్న లోహంతో వంట గిన్నెలు ఎలా చేస్తున్నారు మేడమ్ అని ఎవరో ఒకరు అడగాలి. అడగకపోతే నువ్వే అడుగు. దాని ఒంటి మీద కంటికి కనబడని ఆక్సైడ్ పొర కాపలా ఉంటుంది. అల్యూమినియం రేకు ముక్కను మైలుతుత్తం నీళ్లలో వేస్తే చాలాసేపు కదలికే ఉండదు. చిటికెడు ఉప్పు వెయ్యి. ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరను దెబ్బతీస్తుంది, నాళిక వేడెక్కుతుంది, రేకు కరిగిపోతూ ఎర్రటి రాగి పొడి రాలుతుంది. రేకు చిన్నదిగా ఉండేట్టు చూడు.

సోడియం, పొటాషియంలను 1807లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ కరెంటుతో విడదీసేదాకా ఎవరూ లోహరూపంలో చూడలేదు. బంగారమేమో వేల ఏళ్లుగా మనిషి చేతిలో ఉంది. ఎందుకో పిల్లల్నే చెప్పమను. వాళ్లు కట్టిన వరుసలోనే జవాబు ఉంది.

సోడియం ప్రయోగం పిల్లల చేతికి ఇవ్వొద్దు. పెసరగింజ కన్నా చిన్న ముక్కను పట్టకారుతో తీసి, దానికంటిన కిరోసిన్ తుడిచేసి, వెడల్పాటి గాజుతొట్టిలోని నీళ్లలో నువ్వే వెయ్యి. ప్రయోగశాల రక్షణ కళ్లద్దాలు పెట్టుకో, పిల్లల్ని దూరంగా నిలబెట్టు. కళ్లద్దాలు లేకపోతే వీడియో చూపించు చాలు.

మీ మామయ్య