శిక్షణ తరగతి ఆట అవుతుందా?

ప్రశ్న: మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. వారంలో మూడు సాయంత్రాలు ఈత శిక్షణకు, రెండు సాయంత్రాలు చదరంగం తరగతికి వెళ్తాడు. మిగిలిన సమయం హోంవర్కుకే చాలదు. ‘మా చిన్నతనంలో చీకటి పడేదాకా ఆడుకునేవాళ్లం, వీడికి ఆటన్నదే లేకుండా పోయింది’ అని మా అత్తగారు బాధపడుతుంటారు. ఈత, చదరంగం కూడా ఆటలే కదా అని నా వాదన. మా ఇద్దరిలో ఎవరి మాట సరైనది?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ అత్తగారి బాధలో న్యాయం ఉంది. అలాగని మీరు చేస్తున్నది తప్పనీ అనలేను. ఈత ఆపదలో ప్రాణం నిలిపే విద్య, చదరంగం ఓపికగా ఆలోచించడం నేర్పుతుంది. అయితే ఆ తరగతుల్లో ఎప్పుడు మొదలుపెట్టాలో, ఏం చేయాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించేది పెద్దవాళ్లే. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 31వ అధికరణం విశ్రాంతితో పాటు ఆటను కూడా పిల్లల హక్కుగా గుర్తించింది. ఆ ఒడంబడిక అమలును పర్యవేక్షించే కమిటీ 2013లో ఆ అధికరణాన్ని వివరిస్తూ, పిల్లలు తామే మొదలుపెట్టి, తామే నడుపుకుని, తామే ఒక రూపం ఇచ్చుకునేదే ఆట అని చెప్పింది. ఈ కొలతతో చూస్తే మీ అబ్బాయికి వారంలో ఐదు సాయంత్రాలు శిక్షణ దొరుకుతోంది కానీ ఆట దొరకడం లేదు.

ఈ తేడా ఎంత పెద్దదో తెలియాలంటే, దాగుడుమూతలు ఆడడానికి చేరిన నలుగురైదుగురు పిల్లలను కాసేపు దూరం నుంచి గమనించండి. పంటలు వేసి దొంగ ఎవరో తేల్చడానికే కొంతసేపు పడుతుంది. ఎంతవరకు లెక్కపెట్టాలి, ఎక్కడ దాక్కుంటే చెల్లదు అన్న వాదనలు ఆ తర్వాత మొదలవుతాయి. ఒకడు వేళ్ల సందుల్లోంచి చూశాడని మరొకడు ‘తొండి’ అని అరుస్తాడు, వాడు అలిగి వెళ్లిపోతాడు, ఒక్కరూ తగ్గరు, ఆట ఆగిపోతుంది. కాసేపటికి ఆడాలన్న కోరికే గెలిచి, ఎవరో ఒకరు వాడిని బతిమాలి వెనక్కి తెస్తారు. వెంటపడిన చిన్న తమ్ముడిని కాదనలేక ఆటలో అరటిపండుగా చేర్చుకుంటారు. పట్టుబడినా వాడు దొంగ కాడు. బలహీనుడిని కలుపుకోవడానికి నియమాన్ని ఎంతవరకు సడలించవచ్చో ఆ పిల్లలకు ఏ పెద్దవాళ్లూ చెప్పలేదు. అదే గొడవ శిక్షణ తరగతిలో వచ్చి ఉంటే ఈల ఊది అర నిమిషంలో తీర్పు చెప్పేవారు, రాజీ కుదుర్చుకునే అవకాశం పిల్లలకు ఉండేది కాదు.

స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జాఁ పియాజే గోలీలాడే పిల్లలతో కూర్చుని, ఈ నియమాలు ఎక్కడి నుంచి వచ్చాయి, వీటిని మార్చవచ్చా అని అడిగి, తాను గమనించిన విషయాలను 1932లో ప్రచురించాడు. చిన్నపిల్లలు నియమాలను పెద్దలు ఇచ్చిన, తాకరాని కట్టడలుగా భావించేవారు. పదేళ్లు దాటుతున్న పిల్లలు మాత్రం అందరూ ఒప్పుకుంటే నియమాన్ని మార్చుకోవచ్చని గ్రహించారు. మీ అబ్బాయి ఇప్పుడు సరిగ్గా ఈ రెండు దశల మధ్య ఉన్నాడు, అందుకే తోటివారితో కలిసి ఆడే ఆట ఈ వయసులో అంత అవసరమని నా అభిప్రాయం.

ఇక అప్పుడు, ఇప్పుడు అన్న పోలికకు వస్తే, చిత్రకారుడు పీటర్ బ్రూగెల్ 1560లో గీసిన ఒక చిత్రం వియన్నాలోని మ్యూజియంలో ఉంది. వీధి నిండా 200 మందికి పైగా పిల్లలు చక్రాలు దొర్లిస్తూ, ఒకరి మీంచి ఒకరు దూకుతూ, బొమ్మలతో ఆడుతూ కనిపిస్తారు. అలాంటి వీధులను ఇప్పుడు వాహనాలు ఆక్రమించాయి. ఇంటికి ఒకరో ఇద్దరో పిల్లలు, వారి సాయంత్రాలు కూడా ఒకరికి ఖాళీ ఉంటే మరొకరికి ఉండవు. అయితే గతమంతా బంగారమనీ అనుకోనక్కర్లేదు. చిన్న వయసులోనే పనిలోకి వెళ్లిన పిల్లలకు, తమ్ముళ్లను ఎత్తుకుని తిరిగిన ఆడపిల్లలకు ఆ రోజుల్లోనూ ఆట అంతంతమాత్రమే.

ఆరుబయట గడిపే సమయం కంటిచూపుకు కూడా మేలు చేస్తుంది. చైనాలోని గ్వాంగ్‌జౌలో కొన్ని బడులు ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపే ఏర్పాటు చేశాయి. మూడేళ్ల తర్వాత ఆ బడుల్లో దాదాపు 30 శాతం పిల్లలకు హ్రస్వదృష్టి (దూరంగా ఉన్నవి మసకగా కనిపించడం) రాగా, అలాంటి ఏర్పాటు లేని బడుల్లో దాదాపు 40 శాతం మందికి వచ్చిందని 2015లో వెలువడిన అధ్యయనం తెలిపింది.

మీరు చేయగలిగింది చిన్నదే. చదరంగం తరగతుల్లో ఒకదాన్ని తగ్గించి, అదే సాయంత్రం ఖాళీగా ఉండే మరో ఇద్దరు ముగ్గురు పిల్లల తల్లిదండ్రులతో ముందుగానే మాట్లాడండి. ఒకరు పెద్దవాళ్లు కనుచూపు మేరలో ఉంటే చాలు, ఆటలో తలదూర్చనక్కర్లేదు. ఖరీదైన ఆటవస్తువులు కూడా అవసరం లేదు. డెన్మార్క్ ఉద్యాన రూపకర్త సోరెన్‌సెన్, తాను తీర్చిదిద్దిన ఆటస్థలాల కంటే పారేసిన చెక్కలు, ఇటుకలతో ఆడుకోవడమే పిల్లలకు ఇష్టమని గమనించాడు. ఆయన ఆలోచనతో 1943లో కోపెన్‌హేగన్ శివార్లలోని ఎమ్‌డ్రప్‌లో అలాంటి సామగ్రితోనే ఒక ఆటస్థలం వెలిసింది. మీ ఇంట్లో ఒక పాత దుప్పటి, రెండు పెద్ద అట్టపెట్టెలు, కొంత తాడు ఉంటే మొదలుపెట్టవచ్చు. తొలి రోజుల్లో ‘ఏం చేయాలి?’ అంటూ మీ కొంగు పట్టుకుని తిరిగితే కంగారుపడి ఫోన్ చేతికివ్వకండి.

ప్రశ్న: మా మనవరాలికి మూడేళ్లు. తోటి పిల్లల పక్కనే కూర్చుంటుంది కానీ వారితో కలవకుండా తన బొమ్మలతో తానే ఆడుకుంటుంది. ఇది లోపమా?
– ఒక తాతగారు

జవాబు: ఈ వయసులో ఇది సహజమేనండీ. అమెరికన్ పరిశోధకురాలు మిల్డ్రెడ్ పార్టెన్ 1932లోనే దీన్ని పక్కపక్క ఆటగా గుర్తించింది. కలిసి ఆడడం ఆ తర్వాత మెల్లగా అలవడుతుంది. పేరు పెట్టి పిలిచినా పలకకపోయినా, కళ్లలోకి చూడకపోయినా, మాటలు రావడం ఆలస్యమవుతున్నా మాత్రం పిల్లల వైద్యుడికి చూపించండి. అలాంటివేవీ లేకపోతే ఆమెను ఎవరితోనూ బలవంతంగా కలపకండి. తన బొమ్మల విందుకు మిమ్మల్ని పిలిచిన రోజున మాత్రం పేపరు పక్కన పెట్టి వెళ్లి కూర్చోండి, మీరు అతిథో వంటమనిషో ఆమే చెబుతుంది.