అల్యూమినియం ఫ్రేమ్‌పై గీత: పెయింటా, పగులా?

ప్రశ్న: ఏడేళ్లుగా అల్యూమినియం సైకిల్ తొక్కుతున్నాను. డౌన్ ట్యూబ్ (పెడల్స్ నుంచి ముందుకు వచ్చే ఏటవాలు గొట్టం), హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింది పొట్టి గొట్టం) కలిసే చోట వెల్డింగ్ పక్కనే సన్నని గీత కనిపిస్తోంది. ఫ్రేమ్ బిగువు (వంగకుండా, ఊగకుండా నిలిచే గుణం) మాత్రం తగ్గలేదు. వెల్డింగ్ చేయిస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. సంగతి తేలేదాకా ఆ సైకిల్ ఎక్కకండి. పగులు బాగా పెరిగేదాకా బిగువులో తేడా తెలియదు, ఆపైన ఫ్రేమ్ ఒక్కసారిగా విరుగుతుంది.

ఆ చోటు శుభ్రంగా తుడిచి, గీత చివర కొద్దిమేర పెయింటు గీకి, టార్చి వెలుగులో భూతద్దంతో చూడండి. కింద లోహం నున్నగా మెరుస్తుంటే పగిలింది పెయింటే. అనుమానం తీరకపోతే డై పెనిట్రెంట్ పరీక్ష (పగుళ్లలోకి ఇంకే రంగుతో చేసే పరీక్ష) చేయించండి. ఎర్ర రంగు పూసి, కాసేపాగి తుడిచి, పైన తెల్లటి డెవలపర్ చల్లుతారు. పగులుంటే ఎర్రగీత తేలుతుంది.

పగులే అయితే ఆ ఫ్రేమ్‌ను వదిలేయడమే మేలు. సైకిల్ ఫ్రేములకు వాడే 6061-టీ6 అనే అల్యూమినియం మిశ్రమలోహానికి బలం హీట్ ట్రీట్‌మెంట్‌తో (వేడిచేసి చల్లార్చే ప్రక్రియతో) వచ్చింది, వెల్డింగ్ వేడికి ఆ చుట్టుపక్కల అది పోతుంది. అందుకే ఫ్యాక్టరీలో వెల్డింగ్ అయ్యాక ఫ్రేమ్ మొత్తాన్ని సుమారు 530 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి, చప్పున చల్లార్చి, మళ్లీ 170 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచుతారు. మామూలు వెల్డింగ్ షాపులో ఇది కుదరదు. వంగిన ఫ్రేమ్‌ను సాగదీసి సరిచేయడమూ వద్దు. డిరైలర్ హ్యాంగర్ (వెనక గేరు మార్చే భాగాన్ని ఫ్రేమ్‌కు బిగించే చిన్న ముక్క) వంగితే మాత్రం కొత్తది బిగించుకోవచ్చు, చాలా ఫ్రేములకు అది విడిగా దొరుకుతుంది.

అల్యూమినియం స్వతహాగా బిగువైన లోహం కాదు. దాని స్థితిస్థాపక గుణకం (లోహపు బిగువుకు కొలత) దాదాపు 70 గిగాపాస్కల్స్, ఉక్కుది 200. సన్నని గొట్టాలతో చేసిన ఫ్రెంచ్ అల్యూమినియం ఫ్రేమ్ వీటస్ 979 ఊగుతుందని పేరుపడింది. 1983లో వచ్చిన అమెరికన్ కంపెనీ క్యానన్‌డేల్ సైకిల్‌లో మాత్రం లావు గొట్టాలు వాడారు. గోడమందం అంతే ఉంచి వ్యాసం రెట్టింపు చేస్తే బిగువు దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. లావు గొట్టాలతో మన్నిక కూడా పెరుగుతుంది. ఒక హద్దు లోపలి ఒత్తిడి ఎన్నిసార్లు పడినా ఉక్కు తట్టుకుంటుంది, అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. గొట్టం తక్కువ వంగితే లోహంపై ఒత్తిడీ తక్కువే, ఆయుష్షూ ఎక్కువే.

కొత్త ఫ్రేమ్ కొన్నాక సీట్ పోస్ట్‌ను (సీటును మోసే కడ్డీని) దానిమీది కనీస గీత, అంటే కనీసం ఎంతవరకు లోపల ఉండాలో చూపే గుర్తు, దాటి పైకి లాగకండి, సీట్ ట్యూబ్ పైకొస దగ్గర పగుళ్లు మొదలవుతాయి. లోహపు పోస్ట్‌కు ఏటా గ్రీజు రాయండి. ముఖ్యంగా సముద్రతీరంలో ఉండేవారు మానకూడదు: ఉప్పు తేమకు పోస్ట్ లోపలే పట్టేసి, ఊడదీయబోతే ఫ్రేమే పాడవుతుంది.