హెండ్రిక్స్, క్లాప్టన్‌లలో రాక్ గిటార్‌పై ఎవరి ప్రభావం ఎక్కువ?

గిటార్ నుంచి ఎలాంటి శబ్దాలు రాబట్టవచ్చో చూపించడంలో అమెరికన్ గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ ప్రభావమే ఎక్కువ. బ్లూస్ అనే సంగీతశైలిని రాక్ శ్రోతల దగ్గరికి చేర్చడంలో మాత్రం బ్రిటిష్ గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్‌ది పైచేయి.

క్లాప్టన్ అమెరికా నల్లజాతి కళాకారుల బ్లూస్‌ను శ్రద్ధగా నేర్చుకున్నాడు. 1966లో జాన్ మాయల్ బృందంతో చేసిన ఆల్బమ్‌లో లెస్ పాల్ గిటార్‌ను మార్షల్ ఆంప్లిఫయర్‌కు కలిపి, సౌండ్ బాగా పెంచి వాయించాడు. నిండుగా, కాస్త గరుకుగా ఉండే ఆ నాదం తర్వాతివాళ్లకు ఒరవడి అయింది.

హెండ్రిక్స్ కూడా బ్లూస్ మనిషే. కానీ స్పీకర్ శబ్దం తగిలి తీగలు మళ్లీ కంపించడం వల్ల పుట్టే కూత, అంటే ఫీడ్‌బ్యాక్, అందరికీ చిరాకైతే అతనికి అదో స్వరం. 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో అమెరికా జాతీయగీతం వాయిస్తూ మధ్యలో బాంబులు పడుతున్నట్టు, సైరన్లు మోగుతున్నట్టు వినిపించాడు. అదంతా గిటారే!

ఫీడ్‌బ్యాక్‌ను కనిపెట్టింది కూడా అతనే అని చాలామంది అనుకుంటారు. కాదు. బీటిల్స్ 1964లోనే ఒక పాట మొదట్లో దాన్ని వాడారు. హెండ్రిక్స్ ఆ కూతను అదుపులోకి తెచ్చి, రాగంలో భాగంగా మలిచాడు.