"ఫొటోలో నిలబడడం మానేశాను"

ప్రశ్న: నాకు 49 ఏళ్లు. గత అయిదేళ్లలో 9 కిలోలు బరువు పెరిగాను. తిండి పెంచింది లేదు, ఇంటిపనీ ఆఫీసు పనీ తగ్గిందీ లేదు. మా ఆడపడుచు కనిపించినప్పుడల్లా నలుగురి ముందూ "వదినా, ఇలా తయారయ్యావేమిటి?" అంటుంది. మావారు మా పాత ఫొటోలు తీసి "ఈవిడెవరో గుర్తుపట్టండి చూద్దాం" అని అందరినీ నవ్విస్తారు. జుట్టుకు రంగు వేయడం మానేసినప్పటి నుంచి 17 ఏళ్ల మా అమ్మాయి నాతో బయటికి రావడానికి వెనకాడుతోంది. రెండేళ్లుగా ఫొటోలో నిలబడడం మానేశాను. ఎవరు పిలిచినా ఏదో వంక చెప్పి ఇంట్లోనే ఉండిపోతున్నాను. రాత్రి భోజనం మానేసి చూశాను, నీరసం తప్ప ఫలితం లేదు. నేను బరువు తగ్గాలా, లేక ఈ మాటలకు అలవాటు పడాలా?

జవాబు: మీ ఒంట్లో ఏం జరుగుతోందన్నది ఒక విషయం, దాని గురించి నలుగురిలో వ్యాఖ్యానించే చనువు ఎవరికి ఎంతవరకు ఉందన్నది మరో విషయం. బరువు తగ్గితే మాటలు వాటంతట అవే ఆగిపోతాయని మీరు నమ్ముతున్నందువల్ల ఆ రెండూ మీ ప్రశ్నలో ఒకే ముడిగా పడిపోయాయి. ఎంతో కష్టపడి బరువు తగ్గినవారిని అదే మనుషులు "మొహం పీక్కుపోయింది, ఒంట్లో బాగుండడం లేదా?" అని పలకరించడం మీరూ వినే ఉంటారు. కాబట్టి ముడి విప్పి, ముందుగా శరీరం సంగతి చూద్దాం.

చాలామంది స్త్రీలకు 45, 55 ఏళ్ల మధ్య నెలసరి ఆగిపోతుంది, అంతకు కొన్నేళ్ల ముందు నుంచే హార్మోన్లలో హెచ్చుతగ్గులు మొదలవుతాయి. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ తగ్గేకొద్దీ, అంతకుముందు తొడల్లోనూ పిరుదుల్లోనూ చేరే కొవ్వు పొట్ట చుట్టూ చేరడం మొదలుపెడుతుంది. దీనికి తోడు, బరువులెత్తడం వంటి కండరాలకు పని పెట్టే వ్యాయామం లేకపోతే ముప్ఫైల తర్వాత కండ క్రమంగా తరుగుతుంది, ఒంట్లోంచి వచ్చే వేడి ఆవిర్లు రాత్రి నిద్ర చెడగొడతాయి, నిద్ర చాలని మనిషికి ఆకలి పెరుగుతుంది. వయసుతో శరీరం శక్తిని ఖర్చు చేయడం మందగిస్తుందనే మాట తరచూ వింటుంటాం. అయితే 29 దేశాలకు చెందిన 6,400 మందికి పైగా మనుషులను పరిశీలించి 2021లో సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, శరీర పరిమాణాన్నీ కండ, కొవ్వుల పాళ్లనూ లెక్కలోకి తీసుకుంటే ఆ ఖర్చు 20 నుంచి 60 ఏళ్ల దాకా దాదాపు నిలకడగానే ఉంటుంది. అంటే మీరు చూసుకోవలసినవి కండబలం, నిద్ర. భోజనం మానేస్తే తగ్గే బరువులో కొంత కండ కూడా పోతుంది కనుక ఆ ప్రయత్నం మీకు ఎదురు తిరగడంలో ఆశ్చర్యం లేదు.

ఇక ముందు ఏం చేసినా డాక్టరును సంప్రదించాకే చేయండి. థైరాయిడ్, రక్తంలో చక్కెర, కొలెస్టరాల్, రక్తపోటు పరీక్షలు చేయించుకోండి. కొన్ని మందులు కూడా బరువు పెంచుతాయి కాబట్టి మీరు వాడుతున్నవన్నీ రాసి తీసుకువెళ్లండి. బరువుతోపాటు నడుము చుట్టుకొలత కూడా చూసుకోవాలి, అది మీ ఎత్తులో సగం దాటకుండా ఉంటే మంచిది. (ఎత్తునుబట్టి బరువును అంచనా వేసే, అందరూ ప్రమాణంగా చూపే బాడీ మాస్ ఇండెక్స్‌కు మూలమైన లెక్కను 19వ శతాబ్దంలో కట్టిన బెల్జియం గణాంకవేత్త కెత్లే వెతికింది సగటు మనిషి కొలతలను. కొవ్వు ఒంట్లో ఎక్కడ చేరిందో ఆ అంకె చెప్పలేదు.) వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడక, కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. నెలసరి ఆగాక ఎముకలు పలచబడతాయి కాబట్టి, ఒక్క కిలో తగ్గకపోయినా ఈ శ్రమ వృథా కాదు.

ఇప్పుడు మాటల సంగతి. మీ ఉత్తరంలో మీవారి పొట్ట గురించి గానీ తెల్లవెంట్రుకల గురించి గానీ ఒక్క ముక్క లేదు. ఆయనకూ ఆ అయిదేళ్లు గడిచాయి కదా! మగవాడి నెరసిన జుట్టును పెద్దరికమనీ ఆడమనిషి నెరసిన జుట్టును అశ్రద్ధ అనీ చదివే అలవాటు మనలో ఎంతగా పాతుకుపోయిందంటే, బాధపడుతున్న మీరు కూడా ఆయనను ఆ కొలతతో కొలవలేదు. నవ్వులు సాగుతున్నప్పుడు అడ్డుకుంటే "సరదాకి అన్నాను" అనే జవాబే వస్తుంది కనుక, ఇద్దరే ఉన్నప్పుడు ఆయనతో మాట్లాడండి. "ఆ ఫొటోల మాట అన్నప్పుడల్లా ఆ రాత్రి నాకు నిద్ర పట్టడం లేదు, ఇక అనకండి" అని చెప్పండి. తాను గాయపరుస్తున్నట్టు ఆయనకు నిజంగా తెలియకపోయి ఉండవచ్చు. చెప్పిన తర్వాత కూడా అదే పరిహాసం కొనసాగితే అది బరువు గురించిన సమస్య కాదు, అప్పుడు మీరిద్దరూ కలిసి ఒక కౌన్సెలర్‌ను కలవాలి.

ఆడపడుచుకు సంజాయిషీలు ఇవ్వకండి. "హార్మోన్ల వల్ల, నిద్ర లేక" అని మొదలుపెట్టిన మరుక్షణం, అడిగే హక్కు ఆమెకు ఉందని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. "నా ఒంటి సంగతి నేను చూసుకుంటున్నాను, నువ్వెలా ఉన్నావు?" అని మాట మార్చడం చాలు, అదీ నవ్వుతూనే.

మీ అమ్మాయి విషయం వేరు, దానిమీదే మీరు ఎక్కువ శ్రద్ధ పెట్టాలని నా అభిప్రాయం. పదిహేడేళ్ల పిల్ల తన ఒంటినే రోజూ అద్దం ముందు వేయి కళ్లతో వెతుక్కునే వయసులో ఉంది. ఆమె వెనకాడడంలో మీ పట్ల చులకన కంటే, రేపు తననూ ఇలాగే అంటారేమోనన్న భయమే ఎక్కువ కావచ్చు. ఫొటో తీస్తుంటే పక్కకు తప్పుకునే తల్లిని చూసి ఆమె ఏం నేర్చుకుంటోందో ఆలోచించండి. ఆమె వినేటట్టు మీ ఒంటిని మీరు తిట్టుకోవడం మానండి. జుట్టు సంగతి ఆమెనే అడగండి, ఏం చెప్పినా కోప్పడకుండా వినండి. అయితే రంగు వేయడం, వేయకపోవడం మాత్రం మీ ఇష్టం.

ఒక్క చోట మీతో విభేదిస్తాను. ఆ మాటలు వాళ్లవే అయినా ఇంట్లో ఉండిపోవాలన్న నిర్ణయం మీది, కాబట్టి దాన్ని మార్చుకోవడానికి తొమ్మిది కిలోలు తగ్గేదాకా ఆగనక్కరలేదు. ఈసారి పిలుపు రాగానే వెళ్లండి. వెళ్లాలనే కోరికే కలగకపోయినా, ఇష్టమైన పనులమీద ఆసక్తి పోయి దిగులు రెండు వారాలకు మించి రోజంతా వెంటాడుతున్నా, ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పండి. నెలసరి ఆగే ఈ దశలో కుంగుబాటు వచ్చే అవకాశం ఎక్కువ, దానికి చికిత్స ఉంది.