కిక్ సర్వ్ నేర్చుకుంటున్న బుజ్జికి

బుజ్జీ,

పదో తరగతి అయిపోగానే హైదరాబాద్‌లో టెన్నిస్ అకాడమీలో చేరుతున్నావనీ, ఈలోపే కిక్ సర్వ్, అదే నేల తాకాక బంతి ఎత్తుగా లేచే సర్వ్, పట్టేస్తానని రోజుకు 300 బంతులు కొడుతున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మొదటి మాటకు పొంగిపోయాను. రెండో మాటకు గుండె దడ మొదలైంది. మూడు వందలు ఎవరు కొట్టమన్నారురా నిన్ను?

రాకెట్‌ను సుత్తిలా పట్టే కాంటినెంటల్ గ్రిప్ పట్టుకో, టాస్‌కు బంతి ఎప్పుడూ ఒకేలా ఎగరెయ్యి, ఒళ్లు వేడెక్కకుండా సర్వ్ మొదలుపెట్టకు. ఇవన్నీ నీకు తెలిసినవే. నా బెంగంతా నీ నడుము గురించి.

1983లో నాకు 16 ఏళ్లు. గుంటూరులో మట్టి కోర్టు, చేతిలో చెక్క రాకెట్. జిల్లా పోటీలు నెలన్నరలో ఉన్నాయనగా నాకూ కిక్ సర్వ్ పిచ్చి పట్టింది. బంతిని తల వెనక్కి ఎగరేసి, విల్లులా వంగి, కింది నుంచి పైకి దువ్వినట్టు కొడితే అవతల భుజం ఎత్తు లేచేది. ఆ లేవడం చూసుకుని మురిసిపోయేదాన్ని. మోకాళ్లు మాత్రం వంచేదాన్ని కాదు. వంపంతా నడుములోనే.

మూడు వారాలకు నడుము కింద ఎడమవైపు నొప్పి మొదలైంది. ఎక్కడో వేలు పెట్టి చూపించగలిగేంత చిన్న చోటు. మీ తాతయ్యకు తెలిస్తే ఆట మాన్పిస్తారని దాచాను. కోర్టులో ఒక పెద్దాయన ‘నొప్పి లేకుండా ఆట రాదు’ అనేవారు, అది నమ్మాను. రాత్రిళ్లు మీ అమ్మ చేత బామ్ రాయించుకునేదాన్ని, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని. అప్పటికి దానికి తొమ్మిదేళ్లు. పోటీల రోజు రెండో సెట్లో సర్వ్ చేసి కిందికి దిగిన దాన్ని మళ్లీ నిలబడలేకపోయాను. మొదట తీసిన ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, కండరం పట్టేసిందన్నారు. మళ్లీ ఆడాను. కొన్ని నెలల తర్వాత మద్రాసులో చూపిస్తే నడుములో చివరి పూసకు పగులు ఉందని తేలింది. ఆ ఏడాదంతా మంచం, బెల్టు, కిటికీ.

ఎందుకలా జరిగిందో చాలా ఏళ్లకు గానీ నాకు అర్థం కాలేదు. వెనక్కి వంగుతూ, పక్కకు ఒరుగుతూ, అదే క్షణంలో నడుము తిప్పుతాం చూడు, ఆ బరువంతా పూస వెనక ఉండే సన్నటి ఎముక మీద పడుతుంది. నీ వయసులో ఎముక ఇంకా ముదరదు. ఒక్కసారికి ఏమీ కాదు, వేలసార్లకు చీలుతుంది. తొలిరోజుల్లో మామూలు ఎక్స్‌రేకు చాలాసార్లు దొరకదు కూడా. అందుకే ఒంటికాలి మీద నిలబడి వెనక్కి వంగినప్పుడు ఒక పక్క చురుక్కుమంటే రాకెట్ కింద పెట్టి, ఆటల దెబ్బలు చూసే డాక్టర్ దగ్గరికి వెళ్లు. ఎమ్మారై తీయాలా అని నువ్వే అడుగు.

సర్వ్ చేత్తో కొట్టేది కాదు నాన్నా. సగం బలం కాళ్లూ, తుంటీ, మొండెం నుంచే రావాలి. మోకాళ్లు వంచి నేలను తన్నితే ఆ ఊపు తుంటికీ, మొండేనికీ, భుజానికీ, చివరికి మణికట్టుకూ చేరుతుంది. కాళ్లు చేయని పని నడుమో భుజమో చేయాల్సి వస్తుంది. పెద్ద స్థాయి మగ ఆటగాళ్ల సర్వ్‌లో భుజం సెకనుకు 2000 డిగ్రీలకు పైగా వేగంతో తిరుగుతుంది. కొట్టాక అంత వేగాన్నీ ఆపాల్సింది భుజం వెనక ఉన్న చిన్న కండరాలే. రబ్బరు బ్యాండుతో చేసే కసరత్తు విసుగని మానకు. రష్యా టెన్నిస్ తార షరపోవాకు 2008లో భుజానికి ఆపరేషన్ అయింది. మరుసటి ఏడాది యూఎస్ ఓపెన్‌లో ఒక్క మ్యాచ్‌లోనే 21 సార్లు రెండు సర్వ్‌లూ తప్పి డబుల్ ఫాల్ట్ చేసింది. అంతటి మనిషికే సర్వ్ తిరిగి రావడానికి అంత కష్టమైంది.

కిక్ సర్వ్ వద్దనను. రోజుకు 40తో మొదలుపెట్టు, వారానికి కాస్త కాస్త పెంచు, మధ్యలో ఒకరోజు పూర్తిగా మానెయ్యి. టాస్ మరీ వెనక్కి పోనివ్వకు.

మొన్న బూట్లు విప్పుతూ నడుము పట్టుకున్నావట. మీ అమ్మ ఫోన్ చేసింది అసలు అది చెప్పడానికే. దాని మీద కోప్పడకు. ఒకసారి నా మాట విని నోరు మూసుకున్నందుకు అది ఇప్పటికీ బాధపడుతుంది.

సున్నుండలు కొరియర్ చేశాను. ఆదివారం నీ సర్వ్ వీడియో తీసి పంపు, పక్క నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి. మోకాళ్లు కనబడాలి.

నీ పెద్దమ్మ