మికు పాడిన పాట నాదే కదా, ఆ బొమ్మ కూడా వాడుకోవచ్చా?

ప్రశ్న: ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. హత్సునే మికు సాఫ్ట్‌వేర్‌తో ఒక తెలుగు పాట చేశాను. ట్యూన్ నాది, సాహిత్యం నా ఫ్రెండ్‌ది. మా ఊళ్లో ఒక బట్టల షాపువాళ్లు ఆ పాటను తమ యాడ్‌కి అడుగుతున్నారు. మికు బొమ్మను ఫ్లెక్సీల మీద, క్యారీబ్యాగుల మీద వేసుకుంటారట. అదే పాటను ఏఐతో ఎస్పీ బాలుగారి గొంతులో చేసిస్తే ఇంకా ఎక్కువ ఇస్తామంటున్నారు. పాట నాదే కాబట్టి ఇబ్బంది ఉండదనుకుంటున్నాను కానీ, లోపల కొంచెం టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మీ ఫ్రెండ్ ఒప్పుకుంటే పాట ఇవ్వొచ్చు. బొమ్మ ఇవ్వడానికి మీకు హక్కు లేదు. బాలుగారి గొంతు జోలికి మాత్రం అసలు వెళ్లకండి.

మికు అనే గాయని ఎక్కడా లేదు. జపాన్‌లోని సప్పోరోలో ఉన్న క్రిప్టన్ ఫ్యూచర్ మీడియా అనే కంపెనీ 2007 ఆగస్టు 31న అమ్మకానికి పెట్టిన సాఫ్ట్‌వేర్ పేరు అది. అప్పట్లో లోపల పనిచేసింది కంప్యూటర్‌తో పాడించే యమహా వాళ్ల వొకలాయిడ్ ఇంజిన్. సాకి ఫుజితా అనే డబ్బింగ్ నటి పలికిన ధ్వనులను ముక్కలుగా దాచిపెట్టి, మీరిచ్చిన స్వరానికి, అక్షరానికి తగ్గట్టు అతికించి పాడిస్తుంది. పెట్టె మీద కనిపించే రెండు పిలకల అమ్మాయిని కేయ్ అనే పేరుతో బొమ్మలు వేసే ఇలస్ట్రేటర్ గీశారు. డబ్బు కట్టి మీరు తీసుకున్నది ఆ గొంతును వాడుకునే లైసెన్స్. ఆ అమ్మాయి బొమ్మ మీద హక్కు అందులో రాలేదు.

గొంతు సంగతి తేలిక. సాఫ్ట్‌వేర్‌తో తయారైన పాటను వ్యాపారానికి వాడుకోవడానికి కంపెనీ లైసెన్సే ఒప్పుకుంటుంది. బూతులు, ఎవరినో కించపరిచే మాటలు పాడించకూడదన్నట్టి షరతులు ఉంటాయి, చదువుకోండి. ఫుజితాగారు వచ్చి రాయల్టీ అడుగుతారేమో అన్న భయం అక్కర్లేదు. మన కాపీరైట్ చట్టంలో గాయకులకు ఇచ్చిన హక్కు వాళ్లు స్వయంగా పాడినదానికి వర్తిస్తుంది. మీ పాట ఆవిడ పాడలేదు. జపనీస్ గొంతులో లేని ళ, ణ మీరు ఎలా పలికించారో గానీ, ఆ కష్టమంతా మీదే.

ఇక్కడ ఒకటి అడగాలి. సాఫ్ట్‌వేర్ కొన్నారా, క్రాక్ వెర్షనా? మీ ఉత్తరంలో ‘కొన్నాను’ అన్న మాట ఎక్కడా లేదు. దొంగ కాపీ అయితే పైన చెప్పిన అనుమతి మీకు వర్తించదు. తెలిసి దొంగ సాఫ్ట్‌వేర్ వాడితే కాపీరైట్ చట్టం సెక్షన్ 63-బి కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. షాపుతో మాట్లాడే ముందు ఆ సంగతి సరిచేసుకోండి.

బొమ్మ విషయంలో క్రిప్టన్ చాలామంది కంటే ఉదారంగానే ఉంది. అభిమానులు లాభాపేక్ష లేకుండా బొమ్మలు గీసుకోవడానికి, పంచుకోవడానికి పియాప్రో క్యారెక్టర్ లైసెన్స్ పెట్టింది. 2012 నుంచి తన అసలు బొమ్మలను విదేశాల్లో వాడుకునేవారి కోసం, షరతులతో అందరికీ ముందే అనుమతి ఇచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కూడా ఇచ్చింది. అయితే రెండూ వాణిజ్యేతర వాడకానికే. బట్టల షాపు ఫ్లెక్సీ వ్యాపారం కాకపోతే మరేమిటి? మీ ఫ్రెండ్‌తో కొత్తగా గీయించినా అది మికు అని చూడగానే తెలిస్తే చిక్కు అలాగే ఉంటుంది. జపాన్ వాళ్లు కాకినాడ దాకా వస్తారా అనుకోవద్దు. రెండు దేశాలూ కాపీరైట్ మీద కుదిరిన బెర్న్ అంతర్జాతీయ ఒప్పందంలో ఉన్నాయి, అక్కడి బొమ్మకు ఇక్కడి కోర్టులోనూ రక్షణ ఉంటుంది. కోర్టు దాకా వెళ్లకుండా యూట్యూబ్‌కి ఫిర్యాదు చేసి మీ ఛానెల్ మీద కాపీరైట్ స్ట్రైక్ (హెచ్చరిక) వేయించినా చాలు. 90 రోజుల్లో మూడు పడితే ఛానెలే పోతుంది. షాపువాళ్లకు మికు కావాలంటే కంపెనీకి రాసి లైసెన్స్ తెచ్చుకోవాలి. పాటను అమ్మేటప్పుడు గాయని పేరుగా ‘హత్సునే మికు’ అని పెట్టాలన్నా ముందు కంపెనీని అడగండి.

ఇక బాలుగారి గొంతు. మికు గొంతు వాడకానికి ఇచ్చినవారు ఉన్నారు, డబ్బు తీసుకున్నవారు ఉన్నారు. బాలుగారి గొంతు ఎవరూ మీకు ఇవ్వలేదు. 2024 జులైలో అరిజిత్ సింగ్ కేసులో బాంబే హైకోర్టు, అనుమతి లేకుండా ఏఐతో గాయకుడి గొంతును దించడం ఆయన వ్యక్తిత్వ హక్కులకు (తన పేరు, రూపం, గొంతు మీద మనిషికుండే హక్కులకు) భంగమని చెప్పి మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అరిజిత్ బతికున్న మనిషి కదా, బాలుగారు 2020లోనే పోయారు కదా అని మీరు అడగొచ్చు. న్యాయంగా చెప్పాలంటే అది బలమైన వాదనే. ఇలాంటి హక్కులు మనిషితోనే పోతాయని జయలలితగారి జీవితం మీద తీసిన సినిమా కేసులో మద్రాసు హైకోర్టు, సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ కేసులో ఢిల్లీ హైకోర్టు అన్నాయి. కానీ అవి జీవితకథల మీద తీసిన సినిమాల గొడవలు. చనిపోయినవారి గొంతుతో సరుకు అమ్ముకోవడం వేరు. పైగా ఏఐకి నేర్పడానికి మీరు వాడేది ఆయన పాత పాటల్నే. వాటి రికార్డింగుల హక్కులు ఆడియో కంపెనీలవి. గాయకుడి హక్కు కూడా పాడిన తర్వాతి ఏడాది మొదటి నుంచి 50 ఏళ్లు ఉంటుంది. ఆయనే పాడారని జనం అనుకుంటే 2019 వినియోగదారుల చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటన అనే గొడవ అదనం.

ఇది ఊహ కూడా కాదు. బాలుగారి గొంతును అడగకుండా ఏఐతో వాడారని ఒక తెలుగు సినిమా వాళ్లకు ఆయన కుమారుడు చరణ్ 2024లో లీగల్ నోటీసు పంపారు. అదే ఏడాది ఏఆర్ రెహమాన్ చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులను ఏఐతో పాడించి, కుటుంబాల అనుమతి తీసుకున్నామని, పారితోషికం ఇచ్చామని తనే ప్రకటించారు. షాపువాళ్లకు అంత సరదా ఉంటే ముందు ఆ కుటుంబాన్ని అడిగి రమ్మనండి.

మీరు అసలు పట్టించుకోని మనిషి మీ ఫ్రెండ్. ‘పాట నాదే’ అని రాశారు. ట్యూన్ మీది, రికార్డింగ్ మీది, మాటలు మాత్రం అతనివి. అతని సంతకం లేకుండా షాపుకి ఇవ్వలేరు. హక్కుల బదిలీ కాగితం మీదే జరగాలి, నోటిమాట చెల్లదు. ఎన్నేళ్లకో రాయకపోతే చట్టం ఐదేళ్లనే లెక్కేస్తుంది, ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే. హక్కులు రాసిచ్చేసినా, ఆ మాటలు వాడుకున్నందుకు వచ్చే డబ్బులో సమాన వాటా అడిగే హక్కు రచయితకు కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ నుంచి ఉంది. వదులుకుంటున్నానని అతను రాసినా అది పోదు. కాబట్టి షాపు ఇచ్చేదాంట్లో ఎవరికెంతో ముందే రాసుకుని, ఆ తర్వాతే అడ్వాన్స్ పుచ్చుకోండి.